వావివరుసలు - ప్రవాస జీవనము

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుట్టిన యూరు విడిచి పరప్రాంతమున స్థిరపడినవారికి తమ పూర్వాచారములకును, క్రొత్తచోటి వాడుకలకును నడుమ కలుగు చిక్కులను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఈ విషయముపై జరుగు ఉపన్యాసములను నేను చాలా వింటిని. భోజనము, భాష, వేషము - ఈ మూడింటి చుట్టును అవి తిరుగుచుండును. నిజమునకు ఈ మూడును త్వరగనే సర్దుకొనును. 1964లో నేను ఉద్యోగమునకై ఢిల్లీ చేరిన మొదటి యేట, మనవంటలకు మంచి చింతపండు దొరకదని దిగులుపడితిని. రెండవ యేట కరోల్‌బాగులో అది దొరకు దుకాణము తెలిసినది. మూడవ యేటికి మా యింట వారమునకు నాలుగు రాత్రులు రొట్టెలే చేయసాగిరి. ఇందువలన ఏ సంస్కృతియు కూలిపోలేదు.

మాసముల పేర్ల సంగతియు నంతే. మనము శ్రావణ బహుళాష్టమి యని జరుపుకొను కృష్ణాష్టమిని ఇచ్చటివారు భాద్రపద కృష్ణాష్టమి యందురు. మన మాసము అమావాస్యతో ముగియును. వారిది పున్నమితో ముగియును. పేరు వేరైనను దినమొక్కటే. కృష్ణుడు రెండుమారులు పుట్టనక్కరలేదు.

పేరు మారినచో వస్తువే మారిపోవు చోటు ఒకటి కలదు. అది బంధుత్వము. నేడు దానిని గూర్చియే మాట్లాడ దలచితిని. అందు కొంత శాస్త్రము, కొంత చట్టము కలదు. ఎక్కువ భాగము మాత్రము మా యింటి కథ. పెద్దవాడనైతిని గనుక ఇంటి గుట్టు బయట పెట్టినను మీరు మన్నింతురని నమ్ముచున్నాను.

మన భాషలో ‘మామ’ యను నొక్క మాట తల్లి తోబుట్టువునకును, పిల్లనిచ్చిన వానికిని చెల్లును. ‘అత్త’ యనిన తండ్రి తోబుట్టువు, భర్త తల్లియు. మేనత్త బిడ్డలును, మేనమామ బిడ్డలును మనకు బావలు, బావమరదులు, వదినెలు, మరదండ్రు. పెదతండ్రి, పినతండ్రి, పెదతల్లి, పినతల్లి - వీరి బిడ్డలు మాత్రమే అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. ఎవరిని పెండ్లియాడవచ్చునో, ఎవరి నాడరాదో మన నిఘంటువే చెప్పుచున్నది. ‘వరుస’ యను మాట మనకెంత ముఖ్యమో చూడుడు. క్రొత్తవారెవరైన వచ్చినపుడు మన ముసలమ్మలు మొదట అడుగునది ఊరు కాదు, ఉద్యోగము కాదు, “నాకే వరుస అవుతావు నాయనా?” యని.

హిందీలో అట్లు కాదు. మామా, ఫూఫా, ససుర్ ముగ్గురును మూడు వేర్వేరు మాటలు, ముగ్గురు వేర్వేరు మనుష్యులు. బుఆ వేరు, సాస్ వేరు. మామ కొడుకైనను, చాచా కొడుకైనను, బుఆ కొడుకైనను, మౌసీ కొడుకైనను అందరును భాయీలే. ఇంగ్లీషువారు వీరినందరిని కలిపి కజిన్ అనిరి. ఇరావతీ కార్వే 1953లో ప్రకటించిన తమ గ్రంథమున ఉత్తర దక్షిణముల బంధుత్వ వ్యవస్థలలోని ఈ భేదమును విపులముగ చర్చించినారు. ఉత్తరమున పుట్టింటివారు వేరు, అత్తింటివారు వేరు; పిల్లను పరిచయము లేని ఊరికి, పరిచయము లేని యింటికి ఇత్తురు. కొన్ని కులములలో తన గోత్రమే కాక తల్లి గోత్రము, నాయనమ్మ గోత్రము, అమ్మమ్మ గోత్రము కూడ విడిచి సంబంధము వెదకుదురు. మనకో, అత్తవారిల్లు చాలమారులు మేనత్త యిల్లే. పిల్ల ఆ వాకిట ఆడుకొన్నదే, ఆ చేతి ముద్ద తిన్నదే.

ఒకనాడు కార్యాలయమున మధ్యాహ్న భోజనవేళ ముగ్గురము ఒక బల్ల చుట్టు కూర్చుంటిమి. ఒకరు అమృతసర్ వారు, ఒకరు లక్నో నివాసి యైన ముస్లిం మిత్రుడు, మూడవవాడను నేను. అక్క కూతురిని పెండ్లియాడిన మన వాడొకని ప్రస్తావన వచ్చెను. అమృతసర్ మిత్రుని చేతిలోని రొట్టె చేతిలోనే నిలిచిపోయినది. మేనమామ వారికి తండ్రితో సమానుడు. పంజాబు పెండ్లిలో వధువునకు చూడా గాజులు తెచ్చువాడు మామయే. లక్నో మిత్రుడు మాకును మామ కూతురు సరియే యనెను. అంతటితో ఊరకుండక, చాచా కూతురైనను సరియే యనెను. అప్పుడు నా చేతి ముద్ద నిలిచిపోయినది! పినతండ్రి కూతురనిన మనకు తోడబుట్టిన చెల్లెలే గదా. ఆ దినమున ఒకరి ధర్మము మరియొకరికి ఎట్లు తోచునో మువ్వురమును ఒకేసారి తెలిసికొంటిమి. ముగ్గురమును మంచివారమే గనుక మాట మార్చి క్రికెట్టును గూర్చి మాట్లాడుకొంటిమి.

కాని అమృతసర్ మిత్రుని ముఖమున నేను చూచినది నా మనస్సులో నాటుకొన్నది. నాటినుండి మన వరుసలను గూర్చి ఇతరుల యెదుట జాగ్రత్తపడ నారంభించితిని. జాగ్రత్త యని గౌరవముగ చెప్పుచున్నాను; సరియైన పేరు సిగ్గు.

1974 శ్రావణమాసమున మా అక్కయు, బావగారును హరిద్వారము చూడవచ్చి, త్రోవలో మా యింట పది దినములుండిరి. వెంట వారి కుమారుడు. వానికి పదుమూడేండ్లు, మా అమ్మాయికి ఎనిమిది. మా అమ్మాయి పుట్టిననాడు, అప్పటికి జీవించియున్న మా అమ్మ బిడ్డను ఒడిలోనికి తీసికొని, “ఇదిగోనే నీ కోడలు” అని మా అక్క చేతిలో పెట్టెను. మన యిండ్లలో ఇట్టి మాటలు పరిహాసముగ మొదలగును. పది నోళ్లు తిరిగి, క్రమముగా బాకీపత్రములగును.

మా క్వార్టరు ప్రక్క వాటాలో ఒక పంజాబీ కుటుంబముండెడిది. ఆ యిల్లాలు 1947లో పదేండ్ల పిల్లయై లాయల్‌పూరు విడిచి కట్టుబట్టలతో వచ్చినది. మాకామె చేసిన యుపకారములకు లెక్కలేదు. మా వారు వచ్చిన మరునాడు వసారాలో కనబడి, ఈ అబ్బాయి ఎవరని అడిగినది. నేనేమి చెప్పవలెను? మేనల్లుడు అనుటకు భాంజా యను మాట నాకు తెలియును. అది చెప్పితిని కూడ. “మా అమ్మాయికి?” యని మరల అడిగెను. బావ యనుటకు ఆ భాషలో మాట లేదు. విడమరచి చెప్పిన ఆ అమృతసర్ మిత్రుని ముఖమే ఇక్కడను కనబడునని భయము. “భాయీ” అంటిని. ఒక్క క్షణములో పని తీరిపోయినది.

నాలుగు దినములకు శ్రావణ పూర్ణిమ వచ్చెను. మా ప్రాంతమున అది జంధ్యాల పూర్ణిమ. తెలంగాణమునుండి వచ్చిన మిత్రులకు రాఖీ తెలిసిన పండుగయే. కృష్ణాతీరపు వారమైన మాకు మాత్రము ఆ రోజులలో అది ఢిల్లీలో చూచి నేర్చిన వేడుక. ఉదయముననే బావగారు క్రొత్త జంధ్యము వేసికొని గాయత్రి చేసికొనుచుండిరి. ప్రక్కయింటి యిల్లాలు పళ్లెములో కుంకుమ, అక్షతలు, మిఠాయి, రెండు మూడు రాఖీలు పెట్టుకొని వచ్చినది. తన కూతుళ్లు తమ అన్నకు కట్టిరనియు, మా అమ్మాయికి అన్నదమ్ములు లేరని ప్రతియేడు తనకు కష్టముగ నుండెడిదనియు, ఈ యేడు దేవుడు అన్నను పంపెననియు చెప్పి, ఒక ఎఱ్ఱని రాఖీని మా అమ్మాయి చేతికిచ్చినది. పిల్లలకు వేడుక. వాడు చేయి చాచినాడు, అది కట్టినది. వాడు జేబులోని రూపాయి తీసి యిచ్చినాడు. నేను అచ్చటనే నిలిచియుంటిని.

స్నానము ముగించి వచ్చిన మా అక్క ఆ చేతిని చూచెను. పొరుగింటామె యెదుట ఏమియు ననలేదు. ఆమె పెట్టిన మిఠాయి తీసికొని, బొట్టుపెట్టి సాగనంపెను. ఆ రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట వాని చేతి దారమును నెమ్మదిగా విప్పి, తెచ్చి నా చేతిలో పెట్టి, “ఏమిరా తమ్ముడూ, నీ కూతురు నా కొడుకును అన్నను చేసింది. నువ్వు చూస్తూ ఊరుకున్నావు” అన్నది. పిల్లల ఆట గదా అక్కా యని నవ్వితిని. ఆమె నవ్వలేదు. “ఆటయితే సరే” అని లోనికి పోయినది.

ఆ మాటను ఆమె నమ్మినది. పండ్రెండేండ్లు నమ్మినది.

శాస్త్రమున ఈ చిక్కునకు సమాధానము దొరకునేమో యని తరువాతి కాలమున వెదకితిని. బోధాయన ధర్మసూత్రము ఆరంభముననే దక్షిణాదివారి ప్రత్యేకాచారములు ఐదు, ఉత్తరాదివారివి ఐదు చెప్పబడినవి. ఉపనయనము కానివానితో కలిసి భుజించుట, భార్యతో కలిసి భుజించుట, చద్దియన్నము తినుట, మేనమామ కూతురిని పెండ్లియాడుట, మేనత్త కూతురిని పెండ్లియాడుట - ఇవి మనవి. చద్దియన్నము చూచి నాకెంత సంతోషమైనదో చెప్పలేను. రెండువేల యేండ్లకు పైబడియు మనము మారలేదన్నమాట. ఉన్ని అమ్ముట, మద్యము త్రాగుట, రెండు వరుసల పండ్లుగల జంతువుల వ్యాపారము, ఆయుధజీవనము, సముద్రయానము - ఇవి ఉత్తరాదివారివి. ఎవరి దేశమున వారి యాచారము ప్రమాణమనియు, ఒకచోటి యాచారమును మరియొకచోట నడపినవాడు దోషి యగుననియు సూత్రకారుడు చెప్పి, గౌతముడు దీనికి ఒప్పుకొనలేదని కూడ వెంటనే చెప్పినాడు.

పండితులు దీనిపై చాల వ్రాసిరి. నావంటి గుమాస్తాకు తోచిన సందేహమొక్కటే. దక్షిణమున పుట్టి, ఉత్తరమున నలువదియేండ్లు కాపురముండి, అచ్చట పొలము, ఇచ్చట పింఛను గలవానికి దేశమేది? నాకది యేదో యింకను తేలలేదు. మా అమ్మాయికి మాత్రము సందేహము లేదు. అది ఇచ్చటనే పుట్టినది.

చట్టము మరియొక త్రోవ పట్టినది. 1955 హిందూ వివాహ చట్టము అన్నాచెల్లెండ్ర బిడ్డలను, మేనమామ మేనకోడండ్రను నిషిద్ధ సంబంధముల పట్టికలో చేర్చినది. సపిండత తల్లివైపు మూడు తరములు, తండ్రివైపు ఐదు తరములు లెక్కించినది. కాని ఇరుపక్షముల ఆచారమును అనుమతించినచో దోషము లేదని విడిచినది. ఆ విడుపు లేనిచో దక్షిణమున ఎన్ని కాపురములకు చిక్కు వచ్చెడిదో! 1954 ప్రత్యేక వివాహ చట్టమున మొదట ఈ సవరణ లేదు, 1963లో చేర్చిరి. బోధాయనుడు ఆచారమును నేలకు కట్టినాడు. చట్టము మనిషికి కట్టినది. చట్టము ప్రకారము నేను మేనరికమును పెట్టెలో పెట్టుకొని రైలెక్కి ఢిల్లీకి తెచ్చుకొనవచ్చును. పెట్టె తెరచి నలుగురికి చూపుటకు నాకు ధైర్యము లేకపోయెను, అంతే.

వైద్యులు చెప్పు సంగతి వేరు; దీనితో కలుపరాదు. అది పొరుగువారు నవ్వుదురన్న మాట కాదు. మేనరికపు బిడ్డలో ఒకే పూర్వికునినుండి ఇరువైపులను ఒకే జన్యువు చేరు అవకాశము పదునారింట నొకటి. మేనమామ మేనకోడండ్ర బిడ్డలో ఎనిమిదింట నొకటి. తల్లిదండ్రులలో దాగియున్న కొన్ని రోగములు బిడ్డలో బయటపడుటకు ఇది త్రోవ తీయును. ఈ కారణముగ మేనరికము మానుకొన్నవారిని నేను తప్పు పట్టను. పిల్ల ఇష్టము నడుగక ఉయ్యాలలోనే ముడివేయుట మానుకొన్నవారిని అంతకంటెను తప్పు పట్టను. మా యింట అది పోయిన విధము మాత్రము మంచిది కాదు.

1986లో మా అక్కయు, బావగారును పండ్లు, పూలు, చీర తీసికొని వచ్చిరి. అమ్మాయికి ఇరువది యేండ్లు. కళాశాల చదువు ముగియవచ్చినది. విషయము తెలిసికొని అది తెల్లబోయినది. ఏడ్చుటకు ముందు నవ్వినది. తరువాత నన్ను ప్రక్కగదిలోనికి పిలిచి, “నాన్నా, నాకు ఊహ తెలిసినప్పటినుంచి అన్నయ్య అనే కదా పిలుస్తున్నాను? అందరికీ అన్నయ్య అని చెప్పింది మీరే కదా?” అని అడిగినది. ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. నేటికిని లేదు.

మా అక్క నాలుగేండ్లు మా గడప త్రొక్కలేదు. ఉగాదికి బావగారి చేతివ్రాతతో ఒక కార్డు వచ్చెడిది. అందు క్షేమములు తప్ప వేరొకటి లేదు. సెలవు పెట్టి ఊరికి పోయినపుడు మేనల్లుని కలిసికొని క్షమింపుమంటిని. వాడు, “ఆమె వద్దన్నదని నాకు బాధ లేదు మామయ్యా. అమ్మ ఊళ్లో అందరికీ చెప్పుకుంది. పేరంటాలకు వెళ్లడం మానేసింది. అదే నా బాధ” అన్నాడు. నా సౌకర్యమునకై నేను ఢిల్లీలో ఒక వసారాలో పలికిన రెండక్షరముల మాటకు వెల, కృష్ణాతీరమున ఒక ఆడుది చెల్లించుచున్నది.

తిరిగివచ్చి, జరిగినదంతయు పొరుగింటి యిల్లాలికి మొదటిసారిగా చెప్పితిని. ఆమె ముఖమున అమృతసర్ మిత్రుని ముఖము కనబడలేదు. ఆమె నొసట చేయి కొట్టుకొన్నది. “భాయీసాబ్, మీరు ఒక్కమాట చెప్పి ఉంటే ఆ దారాన్ని నేను పిల్ల చేతికి ఇస్తానా? లాయల్‌పూరులో అంతా వదిలి వచ్చినవాళ్లం. ఒకరి ఆచారం పోతే ఎట్లా ఉంటుందో నాకు తెలియదా?” అన్నది. పండ్రెండేండ్లు నేను ఎవరికి వెరచితినో ఆమె వెరువదగినది కాదని అప్పుడు తెలిసినది. నేనామెను గూర్చి తక్కువగా ఊహించుకొంటిని. రెండు ఆచారములు పోట్లాడుకొన్నవని చెప్పుకొనుట సులభము; మా యింట అవి కలిసికొననే లేదు, నేను నడుమ అడ్డుగా నిలిచియుంటిని.

సంఘము వారు ఆదివారములందు పిల్లలకు తెలుగు తరగతులు నడపుచున్నారు. సంతోషము. అక్షరములతోబాటు, పద్యములతోబాటు, వావివరుసలు కూడ నేర్పింపుడని నా మనవి. పెండ్లిండ్లు ఎవరితో జరిగినను సరే, మేనత్త కొడుకును ఏమని పిలువవలెనో పిల్లకు తెలియవలెను. అట్లు తెలిసిన పిల్ల ఒకనాడు “బావే గాని నాకు వద్దు” అని చెప్పవచ్చును. అది ఆమె హక్కు. ఆ మాట అత్తయ్య మనస్సు నొప్పించును గాని, ఆమెను పండ్రెండేండ్లు మోసము చేయదు. ఊరిలోనున్న వారికి కూడ, మన యిండ్లలో ఏమి మారినదో మారిననాడే చెప్పుదము. సంక్రాంతికి పోయినపుడు పట్టుపంచె కట్టుకొని అంతయు పూర్వమువలెనే యున్నదని నటించి, తిరుగు రైలెక్కగనే వేరు మనుష్యుల మగుట మనలో చాలమందికి అలవాటు. నాకును అలవాటే.

1990లో మా అమ్మాయి వివాహము కాన్పూరు యువకునితో జరిగినది. ఇద్దరును ఒకే కార్యాలయమున పనిచేయువారు. పిలుపునకు నేను స్వయముగ ఊరికి పోయి అక్క కాళ్లమీద పడితిని. వచ్చినది. ఆడపడుచు లాంఛనములలో ఒక్కటియు విడువక అడిగి పుచ్చుకొన్నది. అది చూచి మా యింట అందరికిని ప్రాణము లేచి వచ్చినది. గంపలో పిల్లను మా బావమరది మోసికొని వచ్చుచుండగా, వారి ఊర మామ భాత్ తెచ్చు వేడుకతో పోల్చుకొని కాన్పూరువారు ముచ్చటపడిరి. మామపై ప్రేమ వారికిని మనకును సమానమే.

విందు వేళ మేనల్లుడు పై కండువా నడుమునకు చుట్టుకొని వడ్డనలు చూచుచుండెను. వియ్యంకుడు వానిని చూపి, అంత శ్రమపడుచున్న ఆ అబ్బాయి ఎవరు, అమ్మాయికి అన్నగారా యని అడిగెను. పదునారేండ్ల క్రిందటి వసారా నా కన్నులయెదుట నిలిచినది. ఈమారు నేను కుర్చీ లాగుకొని కూర్చుంటిని. అతడు మా అక్క కొడుకనియు, మా ఆచారము ప్రకారము ఈ పిల్లపై మొదటి హక్కు అతనిదే యనియు, మా అమ్మాయి అంగీకరింపలేదనియు, దీనిని మా భాషలో బావ వరుస యందురనియు, మొదటినుండి చివరివరకు చెప్పితిని. ఆ పెద్దమనిషి కొంతసేపు మాటలాడలేదు. తరువాత లేచిపోయి, మేనల్లుని చేయి పట్టుకొని తెచ్చి తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తన చేతితో మిఠాయి తినిపించి, “మేము మీకు బాకీ పడ్డాము” అన్నాడు. మేనల్లునికి హిందీ అంతగా రాదు. మిఠాయి మాత్రము తిన్నాడు.

మరుసటి శ్రావణమున మా అమ్మాయి కాన్పూరునుండి వానికి టపాలో ఒక రాఖీ పంపినది. కవరుపై ‘బావగారికి’ అని తెలుగులో వ్రాసి, క్రింద చిరునామా ఇంగ్లీషున వ్రాసినది. ఆ కవరును చేతపట్టుకొని మా అక్క పోస్టాఫీసునుండి నాకు ఫోను చేయించి, “పైన బావ అని రాసి లోపల రాఖీ పెట్టడం ఏ శాస్త్రంరా?” అని అడిగినది. బోధాయనుని మరల ఒకమారు తిరుగవేసి చూచితిని. ఈ సంగతి ఆయన వ్రాయలేదు. రాఖీని మాత్రము మా అక్కయే కొడుకు చేతికి కట్టినదని బావగారు ఆ యుగాది కార్డులో వ్రాసినారు.